గులాబీలా, మందార మల్లెలా? మే నెలను తలుచుకుని కొనండి

డిసెంబర్, జనవరి నెలల్లో నర్సరీకి వెళితే గులాబీల ముందు నుంచి కదలబుద్ధి కాదు. అరచేయంత పువ్వు, మెరిసే ఆకులు, ఒక్కో మొక్కకి నాలుగైదు మొగ్గలు. మన ఇళ్లకి గులాబీలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. అదే మొక్క మే నెలలో ఎలా ఉంటుందో ఆ రోజు మనం అడగం, అమ్మేవాళ్లు చెప్పరు. ఇంట్లో ఏ పూలమొక్క పెట్టుకోవాలని ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఇదే. చలికాలంలో ఎంత అందంగా ఉందో చూసి కొనకండి. మీ ఇంట్లో, మీ నీళ్లతో, మీకున్న తీరికతో ఏప్రిల్, మే నెలలు దాటగలదా అని చూసి కొనండి.

గులాబీ వద్దని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. గులాబీల్లోనే మన వేసవిని తట్టుకునేవి ఉన్నాయి, తట్టుకోలేనివీ ఉన్నాయి. గులాబీ పక్కన మందార, మల్లె, నందివర్ధనం, కనకాంబరం లాంటివి పెట్టుకుంటే ఏడాది పొడవునా ఏదో ఒక పువ్వు ఇంట్లో ఉంటుంది. దేనికెంత చోటివ్వాలన్నదే అసలు లెక్క.

ముందుగా మీ ఇంటి సంగతి చూసుకోండి. మొక్క పెట్టే చోట నేరుగా ఎండ ఎన్ని గంటలు పడుతుంది? వచ్చేవి బోరు నీళ్లా, మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లా? వేసవిలో వారం పది రోజులు ఇంటికి తాళం వేసి ఊరికి వెళ్తారా? పూలు దేనికి కావాలి: పూజకా, జడలోకా, గుమ్మం ముందు అందానికా? ఈ నాలుగింటికీ జవాబు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

గులాబీల్లో ఏ రకం?

నర్సరీలో పెద్ద పువ్వుతో కనిపించే గులాబీల్లో ఎక్కువ భాగం హైబ్రిడ్ టీ రకాలు. నిటారు కొమ్మ, దాని చివర ఒకే పువ్వు, మొనదేలిన మొగ్గ. ఈ వర్గానికి మొదటిదిగా చెప్పే లా ఫ్రాన్స్ 1867లో ఫ్రాన్స్‌లో పుట్టింది. ఆ వంశం చల్లటి దేశాల్లో పెరిగింది కాబట్టి, మన దగ్గర దాని మంచి రోజులు నవంబర్ నుంచి మార్చి వరకే. ఏప్రిల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటేసరికి పువ్వు సగానికి సగం చిన్నదవుతుంది, రంగు వెలిసిపోతుంది, రేకుల అంచులు మాడిపోతాయి. వానాకాలంలో ఆకుల మీద నల్లమచ్చ. ఏడాదిలో ఐదు నెలలు కన్నుల పండుగ, మిగతా ఏడు నెలలు సేవ. ఈ బేరం మీకు నచ్చితే, రోజూ పొద్దున కాసేపు మొక్కల దగ్గర గడపగలిగితే, హైబ్రిడ్ టీని మించిన పువ్వు లేదు. కుదరదనుకుంటే దీని జోలికి వెళ్లొద్దు.

ఫ్లోరిబండా గులాబీలకి పువ్వు కాస్త చిన్నది, కానీ గుత్తులుగా పూస్తాయి. ఒక పువ్వు వాడినా పక్కన మూడు విచ్చుకుంటూ ఉంటాయి కాబట్టి మొక్క బోసిగా కనిపించదు. ఎండకీ, మన చిన్న చిన్న నిర్లక్ష్యాలకీ హైబ్రిడ్ టీ కంటే ఇవే బాగా ఓర్చుకుంటాయి. మొదటిసారి అంటు గులాబీ కొనేవాళ్లకి నేను దీన్నే చెబుతాను.

మన దేశంలోనే పుట్టించిన రకాల గురించి ఒక మాట. గోధుమ పరిశోధనలో పెద్ద పేరున్న బి.పి. పాల్, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయిన శాస్త్రవేత్త, గులాబీల మీద ప్రాణం పెట్టి ఎన్నో కొత్త రకాలు తయారుచేశారు. ఆయన ఢిల్లీ ప్రిన్సెస్ ఫ్లోరిబండా రకమే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి రక్తగంధ, మోహిని లాంటివి వచ్చాయి. ఇవన్నీ ఉత్తరాది మైదానాల ఎండ చూసిన మొక్కలు. మామూలు నర్సరీలో ఎరుపు, పసుపు, తెలుపు అని రంగు చెప్పి అమ్ముతారు తప్ప పేరు చెప్పరు. పేర్లతో అమ్మే నర్సరీ దొరికితే మాత్రం వీటి గురించి అడిగి చూడండి.

చిట్టి గులాబీలు, బటన్ రోజ్ అని కొందరంటారు, ఎనిమిది పది అంగుళాల కుండీలో కూడా సరిపెట్టుకుంటాయి. అపార్ట్‌మెంట్ బాల్కనీకి బాగుంటాయి. కానీ కుండీ చిన్నది కావడంతో మట్టి త్వరగా ఆరిపోతుంది, వేసవిలో ఎర్రనల్లి (ఆకుల రసం పీల్చే సన్నటి పురుగు) వీటినే ముందు పట్టుకుంటుంది. తీగ గులాబీకి గోడో, కమానో, దృఢమైన పందిరో ఉండాలి. దాని కొమ్మల్ని నిలువుగా వదిలేస్తే కొసన మాత్రమే పూస్తుంది. అడ్డంగా వంచి కడితే ప్రతి కణుపు దగ్గరా చిగురు లేచి పువ్వు పడుతుంది.

ఇక నాటు గులాబీ. నా ఓటు దీనికే. లేత గులాబీ రంగులో వదులు రేకులతో, మొక్క పక్కన నిలబడితేనే వాసన తెలిసే పన్నీరు గులాబీ, దక్షిణాది పూల తోటల్లో ఎడ్వర్డ్ గులాబీ అని పిలిచేది, ఈ కోవలోదే. తమిళనాడులో విడిపూల కోసం సాగుచేసే ఎర్ర గులాబీకి ఆంధ్రా రెడ్ అనే పేరే ఉంది. పువ్వు పెద్దది కాదు. కోసి గ్లాసులో పెడితే రెండో రోజుకే రేకులు రాలుతాయి. బొకేకి పనికిరాదు. జడలోకి, దేవుడికి, గుల్కందుకి ఇంతకంటే మంచిది లేదు. మే నెల ఎండలో కాస్త వాడినా జూన్ తొలకరికి మళ్లీ చిగురేస్తుంది. మందు కొట్టాల్సిన అవసరం చాలా తక్కువ.

నాటు గులాబీకి ఇంకో పెద్ద లాభం దాని వేరు దానిదే కావడం. నర్సరీలో కొనే హైబ్రిడ్ గులాబీ రెండు మొక్కల కలయిక. కింద మొండి రకం గులాబీ వేరు, దాని కాండం మీద అతికించిన, మనకి కావాల్సిన రకం కన్ను (చిగురొచ్చే మొగ్గ). మొదలు దగ్గర కాస్త ఉబ్బుగా, వంకరగా కనిపించేదే ఆ అంటు. అంటు కిందనుంచి వచ్చే ప్రతి చిగురూ వేరు రకానిది. పొడుగ్గా, బలంగా, లేత ఆకుపచ్చగా దూసుకొస్తుంది. చూసి మురిసిపోయి వదిలేస్తే ఆరు నెలల్లో పై మొక్కని మింగేస్తుంది. ఎండకి పై రకం చచ్చిపోయి కింద నుంచి చిగురొచ్చినప్పుడు మొక్క బతికిందని సంబరపడతాం, తీరా పూశాక చూస్తే అది కొన్న పువ్వు కాదు. అందుకే అంటు కింది చిగురు కనబడగానే మట్టి తీసి, పుట్టిన చోటికంటా లాగేయాలి. పైపైన కత్తిరిస్తే మళ్లీ రెండు వస్తాయి. సొంత వేరున్న నాటు గులాబీకి ఈ గొడవే లేదు. మొదలు వరకు ఎండిపోయినా వేరులో ప్రాణముంటే వచ్చేది అదే పువ్వు. పైగా వానాకాలంలో పెన్సిల్ లావు కొమ్మ ఒకటి కత్తిరించి గుచ్చితే బతుకుతుంది కాబట్టి, తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే కొనాల్సిన పని కూడా లేదు.

బొకేల్లో వచ్చే డచ్ గులాబీ కొమ్మని తెచ్చి నాటుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. అవి పాలీహౌస్‌లో, ఎండా నీరూ ఎరువూ కొలిచి ఇచ్చే చోట పెరిగే రకాలు. కొమ్మ బతకడమే అరుదు, బతికినా మన మేడ మీద అలాంటి పువ్వు రాదు. ఆ శ్రమ వేరే మొక్క మీద పెట్టండి.

గులాబీకి తోడుగా, లేదా గులాబీ బదులుగా

ఒక్క మొక్కే పెట్టుకునే చోటుంటే, రోజూ పూజకి పువ్వు కావాలంటే, నేను గులాబీ చెప్పను, మందార చెబుతాను. అందులోనూ ఎర్ర రెక్క మందార. ఏడాదిలో దాదాపు అన్ని నెలలూ పూస్తుంది. ఏ పువ్వుకి ఆ రోజే ఆయుష్షు, కానీ మర్నాటికి ఇంకోటి సిద్ధం. పళ్లెమంత పువ్వుతో రకరకాల రంగుల్లో వచ్చే హైబ్రిడ్ మందారలు నర్సరీలో కళ్లు తిప్పుకోనివ్వవు కానీ, నీళ్లు కాస్త ఎక్కువైతే వేరు కుళ్లు, తక్కువైతే మొగ్గ రాలుడు. నాటు మందార ముందు అవి ఏ మూలకీ ఆనవు. మందారకి ఉన్న ఒకే ఒక పెద్ద శత్రువు పిండినల్లి. కొమ్మ చివర తెల్లటి దూది కనబడిన రోజే నీళ్ల పైపు పెట్టి గట్టిగా కడిగేయండి, ఆ కొసని తుంచి దూరంగా పారేయండి. చీమలు ఎక్కుతున్నాయంటే పిండినల్లి వచ్చిందనో, రాబోతోందనో అర్థం.

మల్లె గులాబీకి పూర్తిగా ఎదురు స్వభావం గలది. గులాబీ అలసిపోయే మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే మల్లె విరగబూస్తుంది. అందుకే ఈ రెండూ పక్కపక్కన ఉండాలంటాను. ఒకటి చలికాలానికి, ఒకటి వేసవికి. మల్లెకి రోజంతా ఎండ కావాలి. నీడలో పెడితే ఆకులు పచ్చగా, తీగ పొడుగ్గా పెరుగుతుంది కానీ మొగ్గ రాదు. "మా మల్లె పూయట్లేదు" అనే పది ఇళ్లలో ఎనిమిది ఇళ్లలో కారణం ఎండ చాలకపోవడం, లేదా కత్తిరించకపోవడం. డిసెంబర్, జనవరిలో పది రోజులు నీళ్లు బాగా తగ్గించి, కొమ్మల్ని నేల నుంచి అడుగున్నర ఎత్తుకి కత్తిరించి, ఆకు దులిపేసి, పాదు తవ్వి మాగిన పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టండి. పువ్వు కొత్త చిగురు మీదే వస్తుంది. మల్లె అయిపోగానే వానాకాలంలో జాజి అందుకుంటుంది. దానికి పందిరి కావాలి కాబట్టి నేల ఉన్న ఇంటికే.

నందివర్ధనం గురించి చెప్పుకోవాల్సింది తక్కువ, అదే దాని గొప్పతనం. సగం ఎండ చాలు, తెగుళ్లు తక్కువ, నెలల తరబడి తెల్లగా పూస్తూనే ఉంటుంది. తూర్పు బాల్కనీ ఉన్నవాళ్లకి మొదటి మొక్క ఇదే కావాలి.

కనకాంబరం కూడా సగం నీడకి ఓర్చుకుంటుంది. మాల కడితే రెండో రోజుకీ వాడదు, అందుకే మల్లెతో కలిపి కడతారు. విత్తనం కట్టే మామూలు కనకాంబరం అయితే కంకి ఎండాక నీళ్లు తగిలితే కాయ చిటుక్కుమని పగిలి గింజ ఎగిరిపడుతుంది, పక్క కుండీల్లో మొలకలు వాటంతటవే వస్తాయి. ఢిల్లీ కనకాంబరం అని అమ్మే రకం విత్తనం కట్టదు, కొమ్మతోనే పెంచాలి. పువ్వు పెద్దది, రంగు చిక్కన. రెండింటికీ వేర్లలో నులిపురుగుల బెడద ఉంటుంది కాబట్టి కుండీ మట్టిలో వేపపిండి (వేపగింజల నూనె తీశాక మిగిలే పిండి) తప్పకుండా కలపండి.

చామంతి చలికాలపు పువ్వు. రాత్రులు పొడుగైతేనే మొగ్గ వేస్తుంది. గేటు లైటు రాత్రంతా దాని మీద పడుతుంటే నవంబర్ దాటినా ఆకులే వేస్తూ కూర్చుంటుంది. కుండీని చీకటి మూలకి జరిపితే చాలు. పూలయ్యాక మొక్క పారేయొద్దు. మొదలు నుంచి వచ్చే పిలకల్ని విడదీసి వేసవంతా నీడన కాపాడితే వచ్చే ఏడాదికి కొనక్కర్లేదు. ఆ కాపాడటం కష్టమనుకుంటే ఏటా కొత్తవి తెచ్చుకోవడమే సుఖం.

ఊరికి వెళ్లి పది రోజుల తర్వాత తిరిగొచ్చేవాళ్లకి కాగితం పూలు, గన్నేరు. కాగితం పూలకి ఎండ ఎంత ఎక్కువైతే అంత మంచిది. రోజూ నీళ్లు పోస్తే ఆకు, కాస్త ఎండగడితే పువ్వు. గన్నేరు ఎంత గట్టిదో అంత విషం: ఆకు, కొమ్మ, పువ్వు, పాలు అన్నీ. చిన్నపిల్లలున్న ఇంట్లో, ఆవులు మేకలు మూతి పెట్టే గోడ పక్కన దాన్ని నాటొద్దు. ఈ విషయంలో మొహమాటం అక్కర్లేదు.

నూరువరహాలు ఎర్రటి గుత్తులతో ఎంతో బాగుంటుంది కానీ ఉప్పు బోరు నీళ్లు పడవు. కొత్త ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే మట్టిలో ఇనుమున్నా వేరు తీసుకోలేకపోతోందని అర్థం. గోదావరి జిల్లాల్లో కంచెలా పెంచుతారు, హైదరాబాద్ బోరు నీళ్లతో అదే మొక్క నీరసంగా ఉంటుంది. పారిజాతం చెట్టవుతుంది. నేల, కాస్త స్థలం ఉంటే పెట్టండి, కుండీలో వద్దు.

మీ ఇంటికి ఏది?

పైన ఏ నీడా లేని మేడ: రెండు మల్లెలు, ఒక రెక్క మందార, ఒక కాగితం పూల మొక్క, రెండు నాటు గులాబీలు. ఇవి ఒక వేసవి గట్టెక్కాక ఫ్లోరిబండా ఒకటి కలుపుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వాన వరకు గులాబీల మీద సగం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టగలిగితేనే హైబ్రిడ్ టీ.

పొద్దున మూడు నాలుగు గంటల ఎండ వచ్చే తూర్పు బాల్కనీలో నందివర్ధనం, కనకాంబరం, ఒక చిట్టి గులాబీ. పెద్ద గులాబీకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి, అంతకు తగ్గితే కొమ్మలు సన్నగా సాగి పువ్వు కోసం చూసి చూసి విసుగొస్తుంది. పడమటి బాల్కనీ మోసం చేస్తుంది. ఎండ గంటలు సరిపోతాయి కానీ మధ్యాహ్నం గోడ కాలి, రాత్రి పదింటి దాకా ఆ వేడి వదలదు. అక్కడ కాగితం పూలు, మందార తప్ప గులాబీ పెట్టొద్దు. ఉత్తరం వైపు నేరుగా ఎండే పడకపోతే పీస్ లిల్లీతో సరిపెట్టుకోండి, గులాబీ మల్లెలని తెచ్చి హింసించొద్దు.

ఊరినిబట్టి కూడా తేడా ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో గాలిలో తేమ ఎక్కువ, నల్లమచ్చ తెగులు తొందరగా వస్తుంది. మొక్కల మధ్య గాలి ఆడేలా దూరం ఉంచాలి, సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లకూడదు. రాయలసీమ పొడి ఎండలో మచ్చ తెగులు తక్కువ, ఎర్రనల్లి ఎక్కువ. మదనపల్లె, అరకు వైపు ఉన్నవాళ్లు అదృష్టవంతులు, హైబ్రిడ్ టీలు ధైర్యంగా పెట్టుకోవచ్చు. తెలంగాణ చల్కా (ఎర్ర ఇసుక) నేలలో నీరు నిలవదు కాబట్టి గులాబీ వేరుకి హాయి, ఎరువు మాత్రం ఎక్కువ కావాలి. నల్లరేగడిలో నేరుగా నాటితే వానాకాలంలో వేరు ఊపిరాడక కుళ్లుతుంది. నేల మీద అడుగు ఎత్తు మడి కట్టి నాటండి.

నీళ్లు, మట్టి, కుండీ

మొక్క రకం మీద పెట్టే శ్రద్ధలో సగం నీళ్ల మీద పెట్టినా చాలా మొక్కలు బతుకుతాయి. ఆర్ఓ మెషిన్ వదిలే నీళ్లని వృథా ఎందుకని గులాబీలకి పోస్తుంటారు. నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి చేరేది అందులోనే. గులాబీ, నూరువరహాలు వాటికి అస్సలు ఓర్చుకోలేవు, ఆకు అంచులు మాడతాయి. ఆ నీళ్లు బట్టలకో, నేల తుడవడానికో వాడండి. అపార్ట్‌మెంట్లో సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్లలో సున్నం పోయి సోడియం చేరుతుంది, అదీ మంచిది కాదు. సాఫ్ట్‌నర్‌కి ముందు లైన్ నుంచి వచ్చే కొళాయి ఉందేమో అడగండి. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం దాదాపు వాన నీళ్లంత స్వచ్ఛం, వేసవంతా బకెట్ పెట్టి పట్టుకుని గులాబీలకి పోయండి. వానాకాలంలో ఒకటి రెండు గట్టి వానలకి కుండీలు తడవనిస్తే పేరుకున్న ఉప్పు అడుగు నుంచి కారిపోతుంది.

గులాబీకి పన్నెండు అంగుళాల కుండీ కనీసం, పద్నాలుగైతే మంచిది. మల్లె, మందారకి పద్నాలుగు నుంచి పదహారు. నల్ల ప్లాస్టిక్ కుండీ మే ఎండకి కాగిపోతుంది, చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. మట్టి కుండీ చల్లగా ఉంటుంది కానీ త్వరగా ఆరుతుంది. నాకు మట్టి కుండీయే ఇష్టం. నీళ్లు ఒకటికి రెండుసార్లు పోయొచ్చు, కాలిన వేరుని తిరిగి తేలేం కదా. మట్టి కలపడంలో పెద్ద రహస్యాలు లేవు. నాలుగు పాళ్లు ఎర్రమట్టి, మూడు పాళ్లు మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, రెండు పాళ్లు కోకోపీట్, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి. నేలలో అయితే ఒకటిన్నర అడుగుల గుంట తీసి, ఐదు కిలోల ఎరువు కలిపి, అంటు నేల మీదకి రెండు అంగుళాలు కనిపించేలా నాటాలి. అంటు మట్టిలో మునిగితే తేమకి కుళ్లుతుంది.

గుడ్డు పెంకులు, వాడేసిన టీ పొడి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పెంకులోని సున్నం కరగడానికి చాలా కాలం పడుతుంది, పైగా మన బోరు నీళ్లలో సున్నం ఇప్పటికే ఎక్కువ. చక్కెర కలిసిన టీ పొడి చీమల్ని పిలుస్తుంది. పదిహేను రోజులకోసారి, నూనె తీశాక మిగిలే వేరుశనగ పిండిని గుప్పెడు రెండు మూడు రోజులు నానబెట్టి, బాగా పల్చన చేసి పోస్తే గులాబీ, మందార రెండూ సంతోషంగా ఉంటాయి. మే నెలలో ఎరువులు ఆపేయండి.

కత్తెర పట్టాల్సిన రోజు

అంటు గులాబీకి ఏడాదికొక పెద్ద కత్తిరింపు ఉండాలి. మన దగ్గర వానలు తగ్గాక, అక్టోబర్ రెండో సగం సరైన సమయం. కత్తిరించిన నలభై ఐదు రోజులకి అటూ ఇటూగా పూలు మొదలవుతాయి. సంక్రాంతికి గుమ్మం ముందు నిండుగా పూయాలనుకుంటే నవంబర్ ఆఖరి వారంలో కత్తిరించండి, లెక్క సరిపోతుంది.

ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగినవి, పెన్సిల్ కంటే సన్నవి ముందు తీసేయాలి. మిగిలిన నాలుగైదు మంచి కొమ్మల్ని సగానికి తగ్గించండి. కత్తెర వేసే చోటు ముఖ్యం. కొమ్మ మీద ఎర్రటి చుక్కలా ఉబ్బిన కన్ను కనిపిస్తుంది. బయటి వైపు చూస్తున్న కన్నుకి పావు అంగుళం పైన, కన్నుకి ఎదురు వైపు వాలుగా కోయాలి. కోసిన మొహంలోకి చూడండి. మధ్యలో బెండు తెల్లగా ఉంటే కొమ్మ ఆరోగ్యంగా ఉంది. గోధుమ రంగు చుక్క కనిపిస్తే ఎండు తెగులు లోపలికి దిగిందని అర్థం, తెల్లబెండు వచ్చే వరకు ఇంకా కిందికి కోస్తూ వెళ్లాలి. మమకారంతో అక్కడే ఆగితే నెలలో ఆ కొమ్మంతా నల్లబడి ఎండిపోతుంది. కోసిన ప్రతి మొహానికీ కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగులు మందు) ముద్ద పూయండి. నాటు గులాబీకి ఇంత అక్కర్లేదు, పూసిన కొమ్మలు కొంచెం తగ్గిస్తే చాలు. తీగ గులాబీని సగానికి నరకొద్దు, ముసలి కొమ్మలు ఒకటి రెండు తీసి ఊరుకోండి.

మే నెలలో హైబ్రిడ్ టీకి మొగ్గ కనిపిస్తే తుంచేయండి. మనసొప్పదు, కానీ ఆ ఎండలో తామర పురుగు రసం పీల్చేసి విచ్చుకోని పువ్వు కోసం మొక్క తన బలమంతా ఖర్చుపెడుతుంది. ఆకులు దుమ్ము పట్టినట్టు వెలసి, కింద సన్నటి బూజు గూడు కనిపిస్తే ఎర్రనల్లి. పొద్దున పూట ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొడుతూ ఉంటే చాలావరకు అదుపులో ఉంటుంది. చలికాలంలో లేత ఆకుల మీద తెల్ల పొడి రాలినట్టుంటే బూడిద తెగులు, లీటరుకి మూడు గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి కొట్టండి. వేపనూనె అయితే లీటరుకి ఐదు మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లతో, సాయంత్రం. గంధకం కొట్టిన రెండు వారాల్లోపు వేపనూనె కొట్టొద్దు, ఆకులు మాడిపోతాయి. ఎండ ముదిరాక గంధకం అసలు వద్దు.

కొనేటప్పుడు

రాజమండ్రి వైపు వెళ్లినవాళ్లు కడియం, కడియపులంక నర్సరీల్లో ఆగకుండా రారు. రకాలు చూడటానికి అంతకంటే మంచి చోటు మన రాష్ట్రాల్లో లేదు. అక్కడి మొక్కైనా, మీ వీధి చివర బండి మీద వచ్చే మొక్కైనా, పువ్వు చూడకుండా మొదలు చూడండి. అంటు గట్టిగా అతుక్కుని ఉండాలి, దాని పైనుంచి కనీసం రెండు మూడు కొమ్మలు రావాలి. ఒకే కొమ్మ చివర పెద్ద పువ్వున్న మొక్క కంటే పువ్వులేకుండా మూడు కొమ్మలున్నది మేలు. అంటు కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఇంకా బిగుసుకుని ఉంటే ఇంటికొచ్చాక బ్లేడుతో జాగ్రత్తగా కోసి తీసేయండి.

తెచ్చిన రోజే కుండీ మార్చొద్దు. వారం రోజులు పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట ఉంచండి. ఆ తర్వాత సంచి కోసి చూస్తే చాలా మొక్కలకి వేరు చుట్టూ బంకమట్టి ముద్ద గట్టిగా ఉంటుంది. ప్రయాణంలో వేరు కదలకుండా ఉండటానికి అది మంచిదే. కుండీలో అలాగే పెట్టేస్తే మాత్రం చుట్టూ ఉన్న గుల్ల మట్టి తడుస్తుంది కానీ ఆ ముద్ద లోపలికి నీరు దిగదు, పైన తడిగా ఉన్నా మొక్క ఎండిపోతుంది. ముద్దని అరగంట నీళ్ల బకెట్లో నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా వదులు చేయండి. వేరు తెగేలా మొత్తం కడిగేయొద్దు. సాయంత్రం పూట నాటి, అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోసి, మళ్లీ పై అంగుళం మట్టి పొడిబారే వరకు ఆగండి. మొదటి నెల ఎరువులేవీ వేయొద్దు. కొత్త చిగురు రెండు అంగుళాలు సాగాక ఎండలోకి జరపండి.